మొప్పలనంటి బ్రతుకు పురుగు



చేపను కొనువారెవరైనను మొదట చేయు పని యొకటి కలదు. చేపను చేతికి తీసికొని, దాని చెంపమీది కప్పును బొటనవ్రేలితో ఎత్తి, లోపలి మొప్పలను చూతురు. మొప్పలు దాసానిపువ్వువలె ఎఱ్ఱగా నున్నచో చేప తాజాది. మాసి, జిగురుపట్టి, కంపుగొట్టుచున్నచో పాతది. ఈ పరీక్ష నేర్చుకొనుటకు పాఠశాల యక్కఱలేదు. నేను మత్స్యభోజనము చేయువాడను గాను. అయినను ముప్పదియైదేండ్లు పల్లెలలో పిల్లలకు చదువు చెప్పినవాడను గనుక సంతలలో ఈ పరీక్షను ఎన్నిమాఱులో చూచియున్నాను. ఎఱుపును మాత్రమే వెదకు కంటికి కనబడక ఆ మొప్పలలోనే కాపురముండు ఒక జీవి కలదు. దానిని గుఱించి నేడు మీకు విన్నవించెదను.

నేనిప్పుడు నివసించుచున్నది మదీనాగూడ. హైదరాబాదునుండి ముంబయికి పోవు పెద్దబాటమీద, మియాపూరునకును చందానగరునకును నడుమ నున్నది. పూర్వపు వాడుకనుబట్టి గ్రామమందుము గాని, ఇప్పుడది ఎత్తైన మేడలును, 2017లో మియాపూరు దాక వచ్చిన మెట్రో రైలును, గణకయంత్రములముందు రాత్రింబవళ్లు పనిచేయు యువకులును గల నగరభాగము. సముద్రము ఇచ్చటికి వందలమైళ్ల దూరము. అయినను ఆదివారము ఉదయమున వంజరము, చందువా, పండుగప్ప మంచుపెట్టెలలో పండుకొని తూర్పుతీరమునుండి వచ్చి బాటప్రక్కన అమ్ముడుపోవుచుండును. మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చెప్పనక్కఱయే లేదు. ఆనాడు చేప తినవలెనను ఆచారము ఈ ప్రాంతమున గాఢముగా నుండుటచేత త్రాసు క్రిందికి దిగదు.

కొంతకాలము క్రిందట ఒక ఆదివారమున ఇట్లు జరిగెను. ఒక యువకుడు, మర్యాదగలవాడే, మూడు కిలోలు తూగు వంజరము నెన్నుకొని చెంప యెత్తి చూచెను. ఎఱ్ఱని మొప్పరేకుల నడుమ నూకగింజవంటి తెల్లని దొకటి కనబడెను. వ్రేలితో నంటగా ఊడలేదు. పైగా కొంచెము కదలినట్లు తోచెనట. "పురుగు! పురుగులు పట్టిన చేపలమ్ముతున్నారు!" అని గట్టిగా అనెను. అంతటితో నూరకుండక దాని ఛాయాచిత్రమును చేతిఫోనుతో తీసి ఇరుగుపొరుగువారికి పంపెను. అరగంటలో ఆ వార్త మేడలన్నియు ఎక్కి దిగెను. అమ్ముచున్నది తీరప్రాంతమునుండి వచ్చి ఇచ్చట కాపురమున్న స్త్రీ. అప్పుచేసి సరకు దింపుకొన్న మనిషి. ఆమె బుట్టవద్దకు మఱి యెవ్వరును రాలేదు. మంచు కరగుచుండెను.

నేను ఆ దారిని పోవుచుండగా ఆమె నన్ను పిలిచి, "పంతులుగారూ, సముద్రంలో పుట్టిన చేపకి పురుగు నేను పెడతానా? చదువుకున్నోరు, మీరు చెప్పండి. ఇది తింటే మనిషికేమన్నా అవుద్దా?" అని అడిగెను. "అమ్మా, కనుక్కొని సాయంత్రంలోగా చెబుతాను" అంటిని. ఆ మొప్పను కోయించి, ఉప్పునీరు పోసిన చిన్న సీసాలో వేయించుకొని, ఒక కళాశాలలో జంతుశాస్త్రము బోధించుచున్న నా పూర్వశిష్యుని యింటికి పోయితిని. అతడు సీసాను వెలుతురున కెత్తి చూచినంతనే నవ్వి, "అయ్యవారూ, ఇది చేపకు చుట్టము. మనింటికి రాదు. కూర్చోండి, చూపిస్తాను" అని సూక్ష్మదర్శిని దింపెను.

అందు నేను చూచినది చెప్పెదను. సన్నని యాకువంటి దేహము. ఒకవైపు మొనదేలి యున్నది, అచ్చట నోరు. వెనుకవైపు కొంచెము వెడల్పై, ఆ యంచున వరుసగా చిన్న చిన్న పట్టుకారులు. కంసాలివాడు బంగారపు తీగను పట్టుకొను పట్టుకారును మీరు చూచియుందురు. ఆవగింజలో పదియవవంతుకూడ లేని అట్టి పట్టుకారులు వరుసదీర్చి యుండగా, ప్రతిదానికిని లోపల చువ్వలు, నడుమ కీలు. ఒక్కొక్కటి మొప్పరేకును రెండువైపుల నుండి కఱచి పట్టుకొనును. గజేంద్రుని కాలు పట్టిన మకరియైనను ఒక్క నోటితోనే పట్టెను గదా యని నాకు తోచినది.

ఇవి బల్లపఱుపు పురుగుల వర్గమునకు చెందినవి. ఈ వర్గమునందలి బంధువులు కొందఱు మీకు పరిచితులే. మనుష్యుల ప్రేగులలో నుండు బద్దెపురుగు ఒకటి. గొఱ్ఱెలకును బఱ్ఱెలకును కార్జమున చేరు జలగ యొకటి. పెట్టిన యింటివాని అన్నము తిని బ్రతుకునవి గనుక వీనిని పరాన్నభుక్కులందుము. పాఠ్యపుస్తకములవారు పరాన్నజీవులని వ్రాయుచున్నారు. నాకు మొదటిమాటయే ఇంపు. పరాన్నము భుజించువాడు గృహస్థుని మర్యాద నెఱిగి మెలగవలెనని పెద్దలందురు. ఈ పురుగు ఆ మర్యాదను ఎంతవఱకు పాటించునో ముందు చూతము.

కార్జపుజలగకును దీనికిని గల భేదము ముఖ్యమైనది. కార్జపుజలగ గ్రుడ్లు పశువు పేడతో బయటపడి నీటిలో చేరును. అందుండి వెడలిన పిల్ల నీటినత్తలో దూరి, అచ్చట పలు రూపములు దాల్చి, ఒకటి పెక్కై, మరల వెలువడి తడిగడ్డి నంటియుండును. ఆ గడ్డి మేసిన పశువునకు రోగము వచ్చును. కావుననే నత్తలున్న చిత్తడినేలలో మేపవద్దని మన కాపరులు చెప్పుదురు. ఇట్లు రెండు మూడు ఇండ్లు మాఱి, రెండు మూడు తరములు గడచినగాని దాని బ్రతుకు చక్రము తిరుగదు. మొప్పపురుగునకు ఈ తిరుగుళ్లు లేవు. చేపనుండి చేపకే, తరమునకు తరము అదే రూపము. బెల్జియము దేశపు పండితుడు వాన్ బెనెడెన్ ఈ భేదమును 1858లో వివరించెను. తరువాత 1863లో జర్మనీ దేశపు కారస్ వీనికి మోనోజీనియా యని వర్గనామమిడెను. మోనో యనగా ఒకటి, జీనియా యనగా పుట్టుక లేక తరము. మన భాషలో ఏకజన్మికము లనవచ్చును.

వంజరము మొప్పలపై కనబడు ఏకజన్మికములలో ఒకదానిని 1945లో చౌహాన్ అను భారతీయ శాస్త్రజ్ఞుడు వర్ణించి ప్రైసియా ముల్టే యని పేరిడెను. వంజరము మన బంగాళాఖాతమునందే గాక హిందూ మహాసముద్రమంతటను, ఆస్ట్రేలియా తీరముననుకూడ దొరకును. ఆ పురుగును దానితోపాటే అంతదూరము వ్యాపించి యున్నది. వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రశాఖవారు మన తీరపు చేపల పరాన్నభుక్కులను పెక్కేండ్లు పరిశోధించిరి. రేవునకు దిగిన చేపలను కొని, ఒక్కొక్క మొప్పను వేఱుచేసి, రేకు రేకునకు వెదకు పని అది. దానికెంత ఓర్పు కావలయునో ఆనాడు ఒక్క మొప్పను చూచుటకు గంట పట్టిన నాకు తెలిసినది.

ఇప్పుడు మొప్ప యనగానేమో కొంచెము చెప్పవలెను. చేపకు ఇరుప్రక్కలను నాలుగేసి మొప్పవిండ్లుండును. ఒక్కొక్క వింటికి రెండు వరుసలుగా దువ్వెనపండ్లవలె రేకులు. ప్రతి రేకునకును అతిసన్నని మడతలు. చేప నోట తీసికొన్న నీరు ఆ మడతల సందులనుండి ప్రవహించి చెంపకప్పు క్రిందుగా వెలికి పోవును. నీటియందు కలిసియున్న ప్రాణవాయువు పలుచని చర్మముగుండ నెత్తురులోనికి చేరును. కావుననే మొప్పలంత ఎఱుపు. పరాన్నభుక్కునకు ఇంతకంటె సుఖమైన యిల్లు ఏది? పైన కప్పు కలదు. క్రింద నెత్తురు కలదు. ఎల్లప్పుడును క్రొత్తనీరు పాఱుచుండును. ఉన్న భయ మొక్కటే: ఆ ప్రవాహమే. వంజరము సముద్రమున వడిగలిగి ఈదు చేపలలోనిది. నోరు తెఱచి దూసుకొనిపోవునపుడు మొప్పలగుండ పాఱు నీటి వేగమునకు ఎండుటాకువంటి పురుగు నిలుచుటెట్లు? ఆ పట్టుకారుల ప్రయోజన మదియే.

ఈ విషయమును ఇంగ్లండునందు లెవెల్లిన్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1956లో ప్రకటించెను. ఈ పురుగులు మొప్పలమీద ఎక్కడబడిన అక్కడ నుండవనియు, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క స్థానము కలదనియు ఆయన చూపెను. వైటింగ్ అను ఆ దేశపు చేపయందలి పురుగు తఱుచుగా మొదటి మొప్పవింటినే ఆశ్రయించును. మఱియొక జాతి పురుగునకు పట్టుకారులు దేహమునకు ఒకవైపుననే యుండును. అందు కుడివాటమువియు ఎడమవాటమువియు కలవు. ఏ వాటముదగునో అది యంటుకొన్న మొప్పరేకు వైపునుబట్టి యుండును. పిల్లగా నున్నప్పుడు రెండువైపులను సమానమే. పెరిగినకొలది ప్రవాహమున కనుగుణముగా ఒకవైపునకే పట్టుకారులు మొలచును. బండికి కట్టిన యెద్దులలో దాపటిదానికిని వలపటిదానికిని అలవాటు వేఱు. ఇచ్చట దేహమే వేఱగుచున్నది.

మఱి సంతానమెట్లు? ఈ పురుగులు ఉభయలింగులు. ఆడ మగ లక్షణములు ఒక్క దేహమునందే యుండును. చాలజాతుల గ్రుడ్లకు సన్నని దారములవంటి తోకలుండి దేనికో ఒకదానికి చిక్కుకొనును. గ్రుడ్డు పగిలి వచ్చు పిల్ల ఒంటినిండ సన్నని నూగుతో ఈదును. దానికి కాలము బహుస్వల్పము. కొలదిగంటలలో, మించినచో ఒకటి రెండు దినములలో, తన జాతి చేపను చేరుకొనవలెను, లేదా చావవలెను. ఇంత విశాలసముద్రమున అది యెట్లు సాధ్యమని మీరడుగవచ్చును. ఇంగ్లండునందే కెర్న్ అను పండితుడు సోల్ అను బల్లచేప చర్మముమీది పురుగును పరిశీలించెను. ఆ చేప రాత్రి మేతకు తిరిగి, తెల్లవాఱగానే ఇసుకలో పండుకొనును. దాని పురుగు గ్రుడ్లు పగులునది సరిగా తెల్లవాఱిన పిమ్మటి గంటలలోనే! పరుగెత్తు బండి నెక్కలేనివాడు అది నిలుచువేళకు బాటలో కాచియున్నట్లు. ఆ పురుగునకు గడియారము నిచ్చినవా డెవడో ఆయనకు నమస్కరింపక తప్పదు.

ఈ వర్గమునందే ఇంకొక విచిత్రము. మంచినీటి చేపల మొప్పలపై డిప్లోజూన్ అను పురుగు కలదు. నార్డ్‌మన్ అను పండితుడు దానిని 1832లో మొదట వర్ణించెను. రెండు దేహములు కత్తెరవలె అడ్డముగా కలిసి ఒకటైన జీవి. 1845లో డుజార్డిన్ అను ఫ్రెంచి పండితుడు ఒంటరిగానున్న ఒక చిన్నపురుగును చూచి దానికి వేఱొక జాతిపేరు పెట్టెను. అది వేఱు జాతి కాదనియు, జతగూడక ముందటి డిప్లోజూన్ పిల్లయే యనియు తరువాత తేలినది. రెండు పిల్లలు ఒకదానినొకటి పట్టుకొని, మాంసమునకు మాంసము అతుకుకొని, బ్రతికినంతకాలము విడివడవు. జత దొరకని పిల్ల పెరుగక చచ్చును. అర్ధనారీశ్వరుని కథ చెప్పుకొను మనకు ఇది వింతగా తోచదు. మనదేశమునందును పరిగెజాతి చేపయొక్క మొప్పలపై ఇట్టిదానిని 1941లో దయాల్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించెను.

నా శిష్యుడు ఇవన్నియు ఒక్కదినమున చెప్పలేదు. తరువాత పెక్కుమాఱులు పోయి అడిగి తెలిసికొన్నవి. ఆ ఆదివారమున నేను అడిగినది ఆమె యడిగిన ప్రశ్నయే. అతడు చెప్పిన సమాధాన మిది. మొప్పలనంటి యుండు ఈ యేకజన్మికము మనుష్యదేహమున బ్రతుకజాలదు. చేప చచ్చిన కొంతసేపటికి తానును చచ్చును. మొప్పలను మనవారు ఎట్లును కోసి పాఱవేయుదురు. మాంసమును కడిగి ఉడికింతురు. కావున అట్టి చేపను తినుటకు సందేహింప బనిలేదు. పచ్చిచేపను తిను దేశములలో మనుష్యునకు హానిచేయు వేఱుజాతి పురుగులు కొన్ని కలవు. బాగుగా ఉడికించు మన యాచారము ఆ భయమును తీర్చుచున్నది. ఇంకొకమాట కూడ అతడు చెప్పెను: పురుగు మొప్పను విడువక పట్టుకొని, ఇంకను కదలుచున్నచో చేప పట్టబడి ఎక్కువకాలము కాలేదన్నమాట.

సాయంకాలమునకు తిరిగిపోయి ఆ మాటలు ఆమెకును, అచ్చట నిలిచియున్న నలుగురికిని చెప్పితిని. ఇద్దఱు కొనిరి. మిగిలిన సరకును ఆమె చీకటిపడువేళ సగము ధరకు ఒక పూటకూళ్లవానికి ఇచ్చివేసెను. ఛాయాచిత్రము వెళ్లిన యిండ్లన్నిటికిని నా మాట వెళ్లలేదు. ఈ ప్రసంగమునకు అదియు నొక కారణము.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి ఈ పురుగు నిరపాయమైనదని తలంపవలదు. మనుష్యునకు అపాయము లేదు. చేపకు కలదో లేదో అది యున్న తావునుబట్టి యుండును. విశాలసముద్రమున చేపలు దూరదూరముగా తిరుగును. పురుగుపిల్లలలో వేయింట ఏ ఒకటియో ఇల్లు చేరును. చేపకు ఏ పదియో ఇరువదియో యుండి కొంచెము నెత్తురు త్రాగినంతమాత్రాన ఆ చేపకు లోటు రాదు. గృహస్థుడు బ్రతికియుండుటయే అతిథికి లాభము. ఈ మర్యాద తప్పునది రెండు సందర్భములలో. చేపలను ఇఱుకుగా నుంచినప్పుడు ఒకటి; ఒక నీటి చేపను వేఱొక నీటికి తరలించినప్పుడు రెండవది. రెండును మనుష్యుడు చేయు పనులే.

తరలింపునుగుఱించి మొదట చెప్పెదను. మధ్య ఆసియాలో అరల్ అని యొక సముద్రము; నిజమునకు పెద్ద ఉప్పునీటి సరస్సు. అందు స్టర్జన్ అను విలువైన చేప యుండెడిది. 1930 తరువాతి యేండ్లలో సోవియట్ అధికారులు కాస్పియన్ సముద్రమునుండి ఆ కుటుంబమునకే చెందిన వేఱు జాతి చేపను తెచ్చి అందు విడిచిరి. ఆ వచ్చిన చేపల మొప్పలనంటి నిట్జ్‌షియా అను ఏకజన్మికము వచ్చెను. కాస్పియన్ చేప ఆ పురుగుతో తరతరములుగా కాపురము చేసినది. దానికి సహించు శక్తి కలదు. అరల్ చేపకు ఆ పురుగు క్రొత్త. ఒక్కొక్క చేపకు వందలకొలది పట్టి నెత్తురు పీల్చగా 1936లో చేపలు గుంపులుగుంపులుగా చచ్చి తీరమునకు కొట్టుకొని వచ్చెను. తెచ్చినవారి యుద్దేశము మంచిదే. తెచ్చునపుడు చెంప యెత్తి చూచినవాడు లేకపోయెను.

రెండవది నార్వే దేశము. అచ్చటి నదులలో సాల్మన్ చేప ఆ ప్రజలకు ధనము, అన్నము, ఉత్సవము. గైరోడాక్టిలస్ సలారిస్ అను పురుగు, పొడవున అఱమిల్లీమీటరు మాత్రమే, బాల్టిక్ ప్రాంతపు చేపపిల్లలతో ఆ దేశమునకు చేరెను, 1975లో గుర్తింపబడెను. ఇది ముఖ్యముగా చర్మమును, ఱెక్కలను అంటునది. ఇది గ్రుడ్లు పెట్టదు, పిల్లను కనును. ఆ పిల్ల పుట్టకముందే దాని కడుపులో ఇంకొక పిల్ల సిద్ధముగా నుండును. ఒక్కటి చేరిన చాలును, కొలదివారములలో వందలు. సుమారు ఏబది నదులకు ఆ పురుగు ప్రాకెను. వేఱు దారి తోపక రోటెనోన్ అను విషమును నదులలో కలిపి, చేపలనన్నిటిని చంపి, పురుగు నశించిన పిదప మరల పిల్లలను విడిచిరి. మన పల్లెలలో మంగకాయ దంచి మడుగులో వేసి చేపలకు మత్తెక్కించువారు పూర్వము ఉండెడివారు; అది చేపలకొఱకు. ఒక ప్రభుత్వము తన నదులలో తానే విషము కలుపవలసి వచ్చుట ఎంత దుఃఖకరమో ఊహింపుడు.

పేరు వచ్చినది గనుక నొక చిన్న ముచ్చట. గైరోడాక్టిలస్ గాక డాక్టిలోగైరస్ అని యింకొక పురుగు కలదు. గ్రీకుభాషలో డాక్టిలస్ అనగా వ్రేలు, గైరస్ అనగా వంపు. మొదటి పేరు 1832లోను, రెండవది 1850లోను పెట్టబడెను. మనకు పురుషోత్తముడును, ఉత్తమపురుషుడును ఉన్నట్లే ఉన్న రెండు మాటలనే త్రిప్పి వేసికొనిరి! మొదటిది పిల్లను కనును, రెండవది గ్రుడ్డు పెట్టును. అంతే జ్ఞాపకముంచుకొనిన చాలును.

ఈ డాక్టిలోగైరసే మన చెఱువులవారికి కావలసినది. కొల్లేటి ప్రాంతమున బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు పెంచు రైతులు మొప్పలపురుగని చెప్పుకొనునది చాలవఱకు ఇదియే. పైకి కనబడు చేపపేనువలె ఇది కంటికి దొరకదు, మిల్లీమీటరునకు అటునిటు. తెలంగాణమున 2016 నుండి ప్రభుత్వమువారు గ్రామపు చెఱువులలో ఉచితముగా చేపపిల్లలను విడుచు పథకమును ఆరంభించిరి. దూరపు పెంపకపు గుంటలనుండి పిల్లలు వాహనములమీద వచ్చుట, గ్రామపెద్దలును మత్స్యకారసంఘమువారును కట్టమీద నిలిచి లెక్క చూచుకొనుట మీలో పెక్కురకు అనుభవమే. లెక్క చూతురు, పొడవు కొలుతురు. మొప్ప చూచువారు అరుదు. పట్టణములో పూటకు చేప కొనువాడు చేయు పరీక్ష, సంవత్సరమంతయు ఊరికి అన్నము పెట్టు చెఱువునకు చేయకుండుట నాకు వింతగా నున్నది.

పురుగు ముదిరిన చెఱువులో చేపలు నీటిపైకి వచ్చి నోరు తెఱచి గుటకలు వేయును. నీరు వచ్చు తూమువద్ద గుమిగూడును. గట్టునకును, ఱాళ్లకును ఒడలు రాచుకొనును. చెంపకప్పులు ఉబ్బి సరిగా మూతపడవు. మొప్పలు ఎఱుపు తగ్గి వెలవెలబోయి జిగురు కప్పుకొని యుండును. అయితే ఒక హెచ్చరిక. తెల్లవాఱుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడుకూడ చేపలు పైకివచ్చి గుటకలు వేయును. ప్రొద్దెక్కినకొలది అవి సర్దుకొనును. ప్రొద్దెక్కినను సర్దుకొననిచో నాలుగు చేపలను పట్టి మొప్పలు చూడవలెను. పిల్లల బడిలో భూతద్దమున్నచో అదియు పనికివచ్చును. సందేహమైనచో మత్స్యశాఖవారిని పిలిచి సూక్ష్మదర్శినిలో చూపించుట ఉత్తమము. హైదరాబాదునందు 2006లో జాతీయ మత్స్యాభివృద్ధి మండలి ఏర్పడినది. రాజేంద్రనగరు వైపు పోవువారికి చేప ఆకారముగా కట్టిన దాని భవనము దూరమునుండియే కనబడును. భవనము చూచి పిల్లలు సంతోషించుచున్నారు. పెద్దలు లోపలికి పోయి ప్రశ్న లడిగిన ఇంకను బాగుండును.

ఇఱుకునుగుఱించి యొకమాట. 2007లో కేంద్ర సముద్రమత్స్య పరిశోధన సంస్థవారు విశాఖపట్టణమునకు ఎదుట సముద్రములోనే పెద్ద వలపంజరమును నిలిపి అందు పండుగప్పను పెంచిరి. సముద్రపు సేద్యమునకు మన తీరమున అది ఆరంభము. ఇట్టి పంజరములలో చేపలు ఒకదాని ప్రక్క నొకటి యుండును. పురుగు గ్రుడ్ల దారములు వలకే చిక్కుకొనును. పిల్లలు వెదకికొన నక్కఱలేక ఇంటిలోనే ఇల్లు దొరకును. కావున వలలను మార్చుచు, తోముచు నుండవలెను. చేపకు పురుగు పట్టినప్పుడు చేయు చికిత్సలలో ఒకటి బహుసులభము: సముద్రచేపను కొలదినిమిషములు మంచినీటిలో ముంచుట. ఉప్పునీటికి అలవాటుపడిన పురుగు మంచినీరు తగులగానే తెల్లబడి పట్టు విడుచును. చెఱువు చేపకు సరిగా దీనికి విరుద్ధము: ఉప్పునీటిలో ముంచుట. వైద్యమున ఉష్ణమునకు శీతము, శీతమునకు ఉష్ణము చెప్పినట్లున్నది గదా!

ఆ ఉప్పునీటి పద్ధతిని వివరించి విరమించెదను. పిల్లలు వచ్చు దినమున కట్టమీద రెండు తొట్లు సిద్ధపఱచుకొనుడు. ఒకదానిలో చెఱువు నీరు. రెండవదానిలో నూఱు లీటర్ల నీటికి రెండు కిలోల ఉప్పు, బాగుగా కరగునట్లు కలిపినది. పిల్లలు వచ్చిన సంచులను మొదట చెఱువు నీటిలో తేలవేసి వేడిమి సమమగువఱకు ఉంచవలెను. తరువాత గుప్పెడు పిల్లలను వలతొడుగులో తీసికొని ఉప్పునీటిలో రెండు మూడు నిమిషములు ముంచి, కన్ను త్రిప్పక చూచుచుండవలెను. ఒక్కటైనను ఒరిగినచో వెంటనే ఎత్తి మంచినీటి తొట్టిలో వేయవలెను. మొదట పది పిల్లలతో పరీక్షించి, అవి గంటసేపు హుషారుగా నున్నచో మిగిలినవానికి చేయుడు. ఉప్పునకు పురుగు చచ్చును గాని దాని గ్రుడ్లు చావవు. కావున వీలున్నచోట పిల్లలను వారము పదిదినములు చిన్న మడుగులో వేఱుగా నుంచి, మరల ఒకమాఱు ముంచి, మొప్పలు చూచిన పిమ్మట పెద్ద చెఱువులోనికి విడువవలెను. వాడిన ఉప్పునీటిని చెఱువులో పోయక కట్టకు ఆవల నేలమీద పాఱబోయుడు.